ఎల్డన్ చెప్పిన ఏడొందలు

వెర్నా డ్రైలింగ్ నా షెడ్డులో ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ ఉంది, దాని మీద మెత్త ఉంది, ఫ్యాను కూడా అటే తిప్పి ఉంటుంది. అయినా సరే నిలబడే కాఫీ తాగుతుంది, నిలబడే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే నా బల్ల మీద వరసగా పేర్చుకున్న స్పానర్లను ఒక్కొక్కటే తీసి ఇంకోచోట పెడుతుంది. ఆమె వెళ్ళాక వాటిని మళ్ళీ సర్దుకోవడానికి నాకు పావుగంట పడుతుంది. ఆ ఏప్రిల్ సోమవారం కూడా అంతే. చేతిలో ఒక కాగితం, చెవి మీద పెన్సిలు, కాళ్ళ కింద నిప్పులున్నట్టు ఇటూ అటూ తిరుగుడు.

"బరువు ఎంతని అడుగుతున్నాడు ఆ కన్వర్టర్లు కట్టే ఆయన," అంది. "నాదా, బండిదా?"

"రెండూ కలిపి. నువ్వు లేకుండా అది ఒక్కటే వెళ్ళి పోస్టు వెయ్యదుగా."

"వెనక గేరు లెక్కంట, టైరు ఎత్తంట. నేనేమన్నా దొంగతనం చేశానా లియో, ఇన్ని ఆరాలు?"

"కన్వర్టర్ కొలిచి కడతాడు ఆయన. చొక్కాకి కొలతలివ్వవూ, అలాగే ఇది. తప్పు కొలత ఇస్తే చంకలో పట్టేస్తుంది."

ఆమె బానెట్టు మీద కాగితం పెట్టి చకచకా రాసుకుంటూ పోయింది. చివరి వరస ఇంజను బలం, హార్స్‌పవర్ ఎంతని. అక్కడ కూడా ఆగలేదు. ఏడు వేసి, పక్కన రెండు సున్నాలు చుట్టింది. జిడ్డు తుడుచుకుంటున్న గుడ్డ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ అంకె తప్పని ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకడు ఎల్డన్, వెర్నా అన్న. వాడు రెండేళ్ళ క్రితం జనవరిలో గుండె ఆగి పోయాడు. రెండోవాణ్ణి నేను.

నలభై ఏళ్ళుగా గేరుబాక్సులు విప్పి బిగిస్తున్నాను. పడమటి కాన్సస్‌లో ఈ గోధుమ ఊళ్ళలో మగాడికి రెండు సంగతుల్లో నోరు అదుపులో ఉండదు: ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయి, బండి ఎంత బలం లాగుతుంది. కోతలు కోసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆ మంట ఊరందరికీ తెలుసు కాబట్టే నా మాటకి విలువ. ఎల్డన్ ఆ రకం కాదు. వాడు ముప్పై ఏళ్ళు గోధుమలు నిలవచేసే ఎలివేటర్ గోదాం‌లో దుమ్ము మింగుతూ పనిచేశాడు. వాన గురించి అడిగినా ఆచితూచి చెప్పే మనిషి. వాడి జీవితంలో గొప్ప ఏదైనా ఉందంటే ఆ పాత పికప్ ట్రక్కే. మూడేళ్ళు కూర్చుని దాని ఇంజను తనే మళ్ళీ కట్టుకున్నాడు. గాలిని బలవంతంగా లోపలికి కుక్కే సూపర్‌ఛార్జర్ ఒకటి దాని నెత్తిన పెట్టాడు. పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నలభై మైళ్ళ అవతల బలం కొలిచే మెషీను ఉన్న చోటికి తోలాడు. మెషీను చెప్పింది ఐదు వందల నలభై ఒకటి.

మంచి అంకే. కానీ వాడు ఏడొందలు అనుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు నలభై మైళ్ళూ మెషీను ఇచ్చిన కాగితాన్ని మడుస్తూ విప్పుతూ తోలాడు. ఊళ్ళో హోటల్లోకి వెళ్ళగానే డెన్నిస్ లైకర్, ఎలివేటర్ మేనేజరు, అంటే ఎల్డన్‌కి పై అధికారి, పళ్ళికిలించి, "ఏం ఎల్డన్, ఎంతొచ్చిందేంటి?" అన్నాడు. లైకర్ ట్రక్కుది ఆరొందలు. ఎల్డన్ కాఫీ కప్పు వైపు చూసి "ఏడొందలు" అన్నాడు. అని నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

అంతే జరిగింది. ఆ సాయంత్రం వాడు మెషీను కాగితాన్ని నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉండనీ," అని వెళ్ళిపోయాడు. నేను మూడో సొరుగులో సాకెట్ల కింద పెట్టాను. ఆ తర్వాత ఎల్డన్ ఎప్పుడు కనబడినా లైకర్, "ఎల్డన్, గుర్రాలకి గడ్డి వేశావా? ఏడొందలు కదా, మోపులు చాలవేమో!" అని ఏడిపించేవాడు. ఎల్డన్ నవ్వి ఊరుకునేవాడు.

ఇప్పుడు వెర్నాకి కావలసింది ఒకటే. మా ఊరి బయట యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే ఉంది. ఆదివారాలు దాని మీద పావుమైలు పందేలు ఆడతాం. టిక్కెట్ల గది గోడకి ఒక చెక్క పలక ఉంది. పన్నెండు సెకన్ల లోపు పరుగెత్తిన మా కౌంటీ ట్రక్కులవాళ్ళ పేర్లు దాని మీద రంగుతో రాసి ఉంటాయి. మొత్తం తొమ్మిది పేర్లు. లైకర్ పేరు రెండుసార్లు ఉంది. ఏడొందల బలమున్న ట్రక్కు పన్నెండు లోపు రావడం కష్టం కాదు. ఎల్డన్ ఒకసారి పరుగెత్తబోతే పాత కన్వర్టర్ లోపలి రెక్కలు వంగిపోయాయి. బాగుచేసుకునేలోగా వాడే పోయాడు. అక్టోబరు తర్వాత రన్‌వేని గాలిమరల కంపెనీ తీసుకుంటోంది, వాళ్ళ పొడుగాటి రెక్కలు పేర్చుకోవడానికి. ఈలోగా అన్న ట్రక్కుని పన్నెండు లోపు తోలి, ఆ పలక మీద అన్న పేరు రాయించి, లైకర్ నోరు మూయించాలని ఆమె పట్టుదల.

ఇక్కడే వచ్చింది చిక్కు. వెర్నా పల్లె రూటు పోస్టు మనిషి. రోజుకి తొంభై మైళ్ళు, రోడ్డు వార ఇంటింటికీ ఉండే ఉత్తరాల డబ్బాలు మూడొందల పన్నెండు. ఈ పనికి బండి మనదే ఉండాలి. తన కారు ఫిబ్రవరిలో చచ్చాక, ఆ వంగిన కన్వర్టర్‌తోనే ఈడుస్తూ ఎల్డన్ ట్రక్కులో పోస్టు వేస్తోంది. ఎడమవైపున ఉండే డ్రైవరు సీట్లో కూర్చుంటే కుడివైపు డబ్బాలు అందవు కాబట్టి కుడి పక్కన కూర్చుని, ఎడమ కాలు బారచాపి తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుంటుంది. చూసేవాళ్ళకి ట్రక్కు దానంతటది పోతున్నట్టుంటుంది.

ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య గుమ్మడికాయంత ఇనప డబ్బా ఉంటుంది, అదే కన్వర్టర్. దాన్నిండా నూనె. లోపల రెండు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఇంజను ఒకదాన్ని తిప్పితే నూనె తోపుకి రెండోది తిరుగుతుంది. దాన్ని లూజుగా కడితే ఇంజను ముందు బాగా గొంతెత్తి, అప్పుడు బండిని ఒక్క తోపు తోస్తుంది. పందెంలో కావలసింది అదే. కానీ డబ్బా డబ్బాకీ ఆగుతూ పోయే పనిలో ఆ నూనె ఊరికే చిలికి చిలికి మరిగిపోతుంది, గేరుబాక్సు ఉడికిపోతుంది. టైటుగా కడితే నూనె చల్లగా ఉంటుంది గానీ బండి బయల్దేరే గీత దగ్గర బద్ధకంగా లేస్తుంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగాక పట్టు దొరుకుతుందన్నదే దాని కొలత: చుట్లు ఎక్కువైతే లూజు, తక్కువైతే టైటు. వెర్నాకి రెండూ కావాలి. ఒకటి అన్న కోసం, ఒకటి అన్నం కోసం.

ఆ నెలంతా ఆమె మనసు ఒకచోట నిలవలేదు. లైకర్ హోటల్లో కాలు మీద కాలేసుకుని, "ముప్పై ఆరు వందల చుట్ల దగ్గర పట్టేది పెట్టించు వెర్నా! గుర్రాలున్నాయిగా ఏడొందలు, వాటిని కట్టేసి ఏం చేస్తావ్?" అన్నాడు. మంగళవారం ఆమె అదే కావాలంది. నేను ఇరవై నాలుగు వందలు చాలన్నాను. బుధవారం అదే కావాలంది. గురువారం పొద్దున్న రెండూ కాదని మూడోది పట్టుకొచ్చింది. నా స్పానర్లు ఆ వారంలో నాలుగుసార్లు చోటు మారాయి.

"ఒకసారి నాతో రూటుకి రా," అంది. "మీటరు నువ్వే చూడు. ఇక్కడ కూర్చుని ఎన్నైనా చెప్తావ్."

వెళ్ళాను. స్టీరింగు ముందు నేను, నా ముందు నుంచి ఆమె చెయ్యి, నా కాళ్ళ మధ్య నుంచి ఆమె కాలు. చెయ్యడానికి నాకేమీ పని లేదు. అంతకన్నా నరకం ఉండదు నాలాంటివాడికి. డబ్బా తెరువు, ఉత్తరాలు పెట్టు, మూత వెయ్యి, తొక్కు, ఆపు. తెలిసిన ఇల్లయితే రెండుసార్లు హారను. నెత్తిన సూపర్‌ఛార్జర్ సన్నగా ఈల వేస్తుంటే కుక్కలు అరమైలు దూరం నుంచే గేట్ల దగ్గరికొచ్చి నిలబడుతున్నాయి. డెబ్భయ్యో డబ్బా దగ్గర నూనె వేడి మీటరు రెండొందల ముప్పై ఫారెన్‌హీట్ దాటింది. అంటే ఉడుకుతున్నట్టే.

"ఎల్డన్ ఉంటే ఏం పెట్టేవాడంటావ్?" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ముందు కూర్చుని ఆలోచించేవాడు. నీలా ఇలా ఉరుకులు పెట్టేవాడు కాదు."

"కూర్చుంటే వాడు గుర్తొస్తాడు లియో. ఏం చెయ్యమంటావ్? లేస్తాను, తిరుగుతాను, ఏదో ఒకటి పట్టుకుంటాను. రెండేళ్ళుగా ఇంతే. వాడి గురించి లైకర్‌గాడు ఆ గుర్రాల ముక్క అన్నప్పుడల్లా కాఫీ వాడి మొహాన పొయ్యాలనిపిస్తుంది. మా అన్న జన్మలో ఒక్క అబద్ధం ఆడలేదు. నీకు తెలీదా?"

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా తర్వాతి గేటు దగ్గర ఒక ముసలావిడ స్టాంపులు కావాలని చెయ్యెత్తింది. వెర్నా ఆమెతో కోళ్ళ గురించి మాట్లాడుతుంటే నేను మీటరు ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాను.

కన్వర్టర్లు కట్టేది ఆర్కెన్సా రాష్ట్రంలో టాలివర్ అనే ముసలాయన. కట్టేదీ ఆయనే, ఫోను ఎత్తేదీ ఆయనే. మే నెలలో ఒక మధ్యాహ్నం వెర్నా నా షెడ్డు నుంచి ఫోను చేసింది. ఇద్దరం వినేలా ఫోనును బల్ల మీద పెట్టింది.

"ముందొక మాట చెప్తానమ్మా, తప్పుగా అనుకోకండి," అన్నాడాయన. "నాకు ఫోను చేసేవాళ్ళందరూ బరువు తగ్గించి చెప్తారు, బలం పెంచి చెప్తారు. అందుకని నేనే బరువుకి మూడొందల పౌండ్లు కలుపుకుంటా, బలంలో ఐదో వంతు కోసేస్తా. అప్పుడు సరిగ్గా అతుకుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కటీ వాపసు రాలేదు. మీ లెక్కలో కొయ్యమంటారా, వద్దంటారా?"

"బరువు ఎలివేటర్ కాటా మీద తూయించానండీ. నేనూ, ఉత్తరాల తొట్లూ, నా లంచ్ డబ్బా, అన్నీ కలిపి. ఐదువేల రెండు వందలు. ఆ కాటా మేనేజరుకి నేనంటే పడదు, తగ్గించి రాసే మనిషి కాదు."

"భేష్. మరి బలం?"

"ఏడొందలు. మా అన్న చెప్పాడు."

"కాగితం ఉందా?"

"మా అన్న మాట ఉంది. కొయ్యకండి."

అవతల ఆయన పెన్సిలుతో ఏదో రాసుకున్న చప్పుడు. తర్వాత, "పక్కనెవరో ఊపిరి పీలుస్తున్నారు. ఎవరమ్మా?" అన్నాడు.

"మెకానిక్కు. బిగించేది ఇతనే."

"మెకానిక్ గారూ, మీరేమంటారు మరి?"

వెర్నా నా వైపు చూడను కూడా చూడలేదు. నేను ఏమంటానో ఆమెకి అనుమానమే లేదు. నా పదహారో నెంబరు స్పానరు ఆమె చేతిలో గిరగిరా తిరుగుతోంది. "ఆవిడ బండి, ఆవిడ మాట," అన్నాను. పిరికితనానికి అంతకంటే మర్యాదైన వాక్యం నాకు దొరకలేదు.

"సరే," అన్నాడు టాలివర్. "పోస్టూ పందెమూ రెండూ అంటున్నారు కాబట్టి, ఏడొందల బలానికి మూడువేల చుట్ల దగ్గర పట్టేలా కడతాను. రూటులో కొంచెం వేడెక్కుతుంది, మీటరు మీద కన్నేసి ఉంచండి."

మూడు వారాలకి పెట్టె వచ్చింది. నా చిరునామాకే పంపించమంది కాబట్టి, తన కన్వర్టర్ని తనే మోసుకొచ్చి నాకు డెలివరీ చేసి సంతకం పెట్టమంది. రెండురోజుల్లో బిగించాను. మొదటిసారి గట్టిగా తొక్కగానే చుట్ల మీటరు ముల్లు వైపు చూశాను. ఇరవై ఆరు వందల దగ్గరే పట్టేసింది.

"మూడువేలన్నాడుగా?" అంది.

"చూద్దాం," అన్నాను.

ఎందుకో నాకు తెలుసు. ఏడొందల బలం తోస్తుందని కట్టిన డబ్బాని ఐదొందల నలభై తోస్తే అది అనుకున్నంత పైకి వెళ్ళదు, ముందే పట్టేస్తుంది. లూజుది కావాలనుకుంటే టైటుది వచ్చి కూర్చుంది. ఆయన మామూలుగా కోసే ఐదో వంతు కోసి ఉంటే కొలత దాదాపు సరిగ్గా సరిపోయేది. ముప్పై ఏళ్ళలో మొట్టమొదటిసారి ఆ ముసలాయన ఒకరి మాట నమ్మాడు, అదీ పోస్టు మనిషి మాట కాబట్టి.

గోధుమ కోతలు అయ్యేదాకా మా ఊళ్ళో ఎవరికీ పందేలకి తీరిక ఉండదు. జులై నడుమ ఆదివారం రన్‌వే దగ్గరికి ఊరంతా వచ్చింది. గాలి అడ్డంగా కొడుతోంది, చర్చి ఆడవాళ్ళు బల్ల వేసి క్యాబేజీ మాంసం కూరిన రొట్టెలు అమ్ముతున్నారు. వెర్నా ఆరోజు డ్రైవరు సీట్లో, అందరిలాగా, ఎడమవైపున కూర్చుంది. ఎల్డన్ టోపీ పెట్టుకుంది.

మొదటి పరుగు పన్నెండు పాయింట్ తొమ్మిది సెకన్లు. రెండోదీ అంతే. మూడోది ఇంకాస్త ఎక్కువ. చివర్లో వేగం మాత్రం మూడుసార్లూ గంటకి నూట పది మైళ్ళు. గీత దగ్గర ట్రక్కు నిద్రలోంచి లేచినట్టు కదిలిందని అందరూ చూశారు.

"ఏం వెర్నా!" అని లైకర్ టిక్కెట్ల గది మెట్ల మీంచి కేకేశాడు. "ఎల్డన్ గుర్రాలు మేతకెళ్ళాయా ఇవాళ?"

జనం నవ్వారు. నేను నవ్వలేదు, కానీ నవ్వినవాళ్ళకన్నా హీనంగా ఉంది నాకు. తల తీసేసినట్టయింది. ఆమె పరుగుల టైము అచ్చేసిచ్చిన చీటీలు మూడూ మడిచి జేబులో పెట్టుకుని ట్రక్కెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు రూటు ముగించుకుని నా షెడ్డుకి వచ్చింది. స్పానర్లు ముట్టుకోలేదు. తిన్నగా గోడ దగ్గరికెళ్ళింది. బరువు ఒకవైపు, చివరి వేగం ఒకవైపు పెట్టి గీత కలిపితే బలం ఎంతో చెప్పే అట్ట ఒకటి ఇక్కడ ప్రతి షెడ్డు గోడకీ ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా నా గోడకీ ఉంది. దాన్ని నేను ఆవేళ తీసి దాచలేదు. ఎందుకు దాచలేదో నాకే తెలీదు. బహుశా అలసిపోయి ఉంటాను.

"లేవడంలో బద్ధకం కన్వర్టర్ది," అంది, అట్ట మీద వేలు పెట్టి. "కానీ చివరి వేగం కన్వర్టర్ చేతిలో ఉండదు. అది నువ్వే చెప్పావు నాకు. ఐదువేల రెండొందల పౌండ్లు. కాటా అబద్ధం చెప్పదు. నూట పది మైళ్ళు. గడియారం అబద్ధం చెప్పదు." వేలు గీత వెంట జరిగి ఆగింది. "ఐదొందల నలభై. ఏడొందలుంటే నూట ఇరవై రావాలి. మూడుసార్లూ నూట పదే వచ్చింది లియో."

నేను చేతిలో గుడ్డ మడిచి బల్ల మీద పెట్టాను.

"నువ్వు ఆవేళ వాడి పక్కన ఉన్నావు. నీకు తెలుసు."

మూడో సొరుగు లాగి, సాకెట్లు పక్కకి జరిపి, ఆ కాగితం తీసి ఇచ్చాను. ఆమె విప్పి చదివింది. రెండోసారి చదివింది. తర్వాత వెనక్కి చేత్తో తడుముకుంటూ ఆ కుర్చీలో కూర్చుంది.

ఆమెని అలా చూడలేకపోయాను. నేను బయటికెళ్ళి కాసేపు గాలిలో నిలబడి మళ్ళీ వచ్చాను. అప్పటికీ కూర్చునే ఉంది.

"లైకర్‌గాడే కరెక్టు," అంది. "ఇన్నాళ్ళూ ఆ వెధవ అన్నదే నిజం. నేను వాడితో గొడవలు పడ్డాను, ఆర్కెన్సా ముసలాయనతో కొయ్యొద్దన్నాను, ఊరందరి ముందూ నిన్న తోలాను. నువ్వు చూస్తూ నిలబడ్డావు."

"వాడు దాచమన్నాడు వెర్నా. ఎలా చెప్పను?"

"నోటితో! అందరూ ఎలా చెప్తారో అలాగే!" లేచింది. "చచ్చినవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోను నేను? నీ మీదే పెట్టుకుంటా. నువ్వు బతికున్నావు, ఊళ్ళోనే ఉన్నావు, చేతికి అందుతావు."

కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి పది నలభైకి ట్రక్కు నా డబ్బా దగ్గర ఆగడం, మూత టపీమనడం, పోవడం. హారను లేదు. పంతొమ్మిదేళ్ళుగా రెండుసార్లు హారను కొట్టి, నేను షెడ్డులోంచి చెయ్యెత్తేదాకా కదిలేది కాదు. ఇప్పుడు పది ముప్పై నుంచే నాకు పని మీద చెయ్యి నిలవదు. బోల్టు సగం బిగించి గేటు వైపు చూస్తాను. ఈల దగ్గరికొస్తుంది, ఆగుతుంది, దూరమవుతుంది. ఆ నిమిషమున్నర తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోతాను.

ఆగస్టులో ఉండబట్టలేక టాలివర్‌కి ఫోను చేసి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన ముందు తిట్టాడు. తర్వాత నవ్వాడు.

"నూనె వేడి ఎంతుంటోంది?" అన్నాడు.

"మనిషి నాతో మాట్లాడ్డం లేదు సార్, మీటరు సంగతి ఏం తెలుస్తుంది. పోస్టు మాత్రం రోజూ టైముకే వస్తోంది."

"వస్తుంది. ఎందుకు రాదు? తప్పు అంకె ఇచ్చింది కాబట్టి టైటుది వెళ్ళింది, ఆ పనికి కావలసింది టైటుదే. మీరు ఆవేళే నిజం చెప్పి ఉంటే అది నిజంగా మూడువేల దగ్గరే పట్టేది. ఈ ఎండల్లో మూడొందల డబ్బాల దగ్గర ఆగుతూ పోతే ఈపాటికి గేరుబాక్సు ఉడికి ఉండేది, ఆవిడ రూటు పోయి ఉండేది. ఇక పందెమంటారా, లూజుది పెట్టినా పన్నెండున్నర వచ్చేది. ఆ బలానికి పన్నెండు లోపు ఏ కన్వర్టర్ పెట్టినా రాదు. ఎవరు కట్టినా సరే."

ఆ మాటలన్నీ ఒక కార్డు మీద రాసి, వెర్నా పేరు రాసి, నా డబ్బాలో పెట్టి ఎర్రజెండా లేపాను, ఉత్తరం తీసుకెళ్ళమని. మర్నాడు కార్డు నా డబ్బాలోనే ఉంది. మీద ముద్ర: స్టాంపు లేదు. తిట్టుకుంటూ స్టాంపు అంటించి మళ్ళీ పెట్టాను. ఈసారి తీసుకెళ్ళింది. జవాబు లేదు. హారనూ లేదు. సెప్టెంబరంతా అలాగే గడిచింది.

అక్టోబరు మూడో ఆదివారం ఆఖరి పందేలు. అవి ముగిశాక లైకర్ స్టూలు ఎక్కి, టిక్కెట్ల గది గోడ నుంచి ఆ పలక విప్పడం మొదలుపెట్టాడు. చుట్టూ ఓ ముప్పై మంది చేరారు. ఆ పలకని ఎవరి షెడ్డులో పెట్టాలని వాదులాట. వెర్నా ఆవేళ తోలలేదు. వెనకాల నిలబడి, కాఫీ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. నేను ఇంకా వెనకాల ఉన్నాను.

మూడు స్క్రూలు వచ్చాక లైకర్ ఆగి, జనం తలల మీదుగా చూశాడు.

"వెర్నా! ఇవాళ్టితో అయిపోతోంది. ఇప్పుడైనా చెప్పు తల్లీ. ఎన్ని గుర్రాలు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నిజంగానే అడిగాడు వాడు. ఆమె కోటు పైజేబులో మడత కాగితం అంచు నాకు కనబడుతోంది, ఆ మడత నాకు బాగా తెలుసు. ఆమె అది తీసి వాడి చేతిలో పెడితే నేను ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకోలేను. పెడితే పెట్టనీ అనుకున్నాను. అదీ న్యాయమే.

"ఏడొందలు," అంది వెర్నా. "కన్వర్టర్ పోస్టుకి సరిపడేలా కట్టించాను, పందేనికి కాదు. అందుకే లేవలేదు బండి. మెషీను మీద పెట్టినరోజు లియో పక్కనే ఉన్నాడు. అనుమానముంటే అతన్నే అడుగు."

అని వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మూడు నెలల తర్వాత చూడ్డం అదే. హోటల్లో ఆరోజు ఎల్డన్ చూసిన చూపే. అన్నాచెల్లెళ్ళ కళ్ళు ఒక్కలాగే ఉంటాయని నాకు అంతకుముందు తట్టలేదు.

ముప్పై మందీ నా వైపు తిరిగారు. కోతలంటే గిట్టని లియో, అంకె తప్పితే మనిషిని షెడ్డులోంచి బయటికి నడిపించే లియో. ఐదేళ్ళ క్రితం తల ఊపితే సరిపోయింది. ఇప్పుడు నోరు విప్పాలి.

"ఏడొందల ఒకటి," అన్నాను.

లైకర్ నన్ను కాసేపు చూశాడు. గోడ మీద అట్ట వాడి షెడ్డులోనూ ఉంది. జులైలో మైకులో నూట పది అని చదివిందీ వాడే, తన కాటా మీద బరువు రాసిందీ వాడే. "ఒకటి మర్చిపోయాడన్నమాట ఎల్డన్," అన్నాడు. అని నాలుగో స్క్రూ వైపు తిరిగాడు. పలక మీద కొత్త పేరేదీ రాయలేదు. ఆ తర్వాత గుర్రాల ముక్క వాడి నోట నేను మళ్ళీ వినలేదు.

సోమవారం పది నలభైకి నేను ఒక గేరుబాక్సు కింద పడుకుని ఉన్నాను. ఈల వినబడింది. ఆగింది. రెండుసార్లు హారను. బయటికి రావడంలో నుదురు చీరుకుపోయింది, అయినా పరుగెత్తి చెయ్యెత్తాను. ఆమె నేను చెయ్యెత్తేదాకా ఉండి, ఎడమ కాలు బారచాపి తొక్కుకుంటూ పోయింది.

డబ్బాలో విత్తనాల పుస్తకం ఒకటి, దాని మధ్యలో ఆ కాగితం, పాత మడతల్లోనే. స్టాంపు లేదు. తిప్పి పంపేద్దామా అనుకున్నాను గానీ, లోపలికి తీసుకెళ్ళి మూడో సొరుగులో సాకెట్ల కింద పెట్టేశాను.